డబ్ల్యూడీఎం-2 టిక్కుమంటోంది, పాయింటు దగ్గర పట్టా తప్పుతోంది. ఇంకో మాట కూడా ఉంది

#1 పాలకొల్లు_ప్యాసింజర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. నా డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజను నమూనా విషయంలో మీ సాయం కావాలి. హెచ్‌ఓ స్కేలు, 1:87. పైన బాడీ మన రాజోలు తమ్ముడు త్రీడీ ప్రింటరు మీద తీసి, రుద్ది, రంగులేసి ఇచ్చాడు. కింద మోటారూ చక్రాలూ ఉండే చాసిస్ ఒక పాత విదేశీ డీజిల్ ఇంజను నమూనాది, ఆరు ఇరుసులది. సెకండ్ హ్యాండులో కొన్నాను, పాతికేళ్ళకు తక్కువ ఉండదు దాని వయసు.

జబ్బులు మూడు. మెల్లగా నడిపితే టిక్కు, టిక్కు అని ఒకే తాళంలో చప్పుడొస్తోంది. వేగం పెంచితే అదంతా కలిసిపోయి గరగరలా వినిపిస్తోంది. రెండోది, లూపులోకి, అంటే పక్క పట్టాలోకి, తిప్పే పాయింటు దగ్గర ముందు బోగీ (ఇంజను కింద మూడు ఇరుసులుండే చక్రాల చట్రం) పట్టా తప్పుతోంది. నేరుగా పోతే ఏమీ లేదు, లూపులోకి తిప్పితేనే పదిసార్లలో ఆరేడుసార్లు దిగిపోతోంది. మూడోది, అదే పాయింటు మీద ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతోంది, వేలితో కాస్త తోస్తే మళ్ళీ కదులుతోంది. పట్టాలు తుడిచాను, చక్రాలు తుడిచాను, పాయింటు విప్పి మళ్ళీ బిగించాను. తేడా లేదు.

ఇంకో మాట అన్నాను కదా. మూడు వారాల క్రితం తణుకులో అందరం కలిసినప్పుడు ఈ ఇంజను మొదటిసారి పట్టాల మీద పెట్టాం. ఒక్క చుట్టు కూడా తిరక్కముందే "ఇది డబ్ల్యూడీఎం-2 ఏంటండీ, బోగీ చూడండి" అని ఒకరన్నారు. తర్వాత ఒక్కొక్కరూ వంగి చూసి హారను చోటు తప్పన్నారు, గ్రిల్లు మందమన్నారు, పసుపు గీత లావన్నారు. బాడీ చేసిన ఆ రాజోలు అబ్బాయి చేతిలో తుడుపు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి ఇంజన్ని తువ్వాల్లో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, "అన్నా, మీరే ఉంచుకోండి" అని నాకిచ్చి వెళ్ళిపోయాడు. భోజనం కూడా చెయ్యలేదు. ఆ రోజు నుంచి ఇక్కడ ఒక్క పోస్టు లేదు, ఫోను చేస్తే "పరీక్షలన్నా" అంటున్నాడు.

నేను పక్కనే ఉండి ఒక్క మాట మాట్లాడలేదండి. ఇంజను జబ్బు కన్నా అది ఎక్కువ బాధపెడుతోంది.

#2 తణుకు_టంకం | శనివారం, రాత్రి 10:15

ముందు చప్పుడు సంగతి చూద్దాం. ఇంజన్ని స్పాంజి మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక చక్రం అంచు మీద వైట్‌నరుతో చిన్న చుక్క పెట్టండి. రెండు వైర్లతో 3 వోల్టులిచ్చి మెల్లగా తిప్పండి. 12 దాకా పోవద్దు. చుక్క ఒకసారి పైకొచ్చేలోపు టిక్కు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టండి.

చక్రం ఒక చుట్టుకి ఒక్కసారే వస్తే జబ్బు ఇరుసు మీదున్న గేరులో ఉన్నట్టు. పదీ పన్నెండుసార్లు వస్తే పైన వర్ములోనో (మోటారు తిప్పే మరచుట్ల గేరు), మోటారు దగ్గరో ఉన్నట్టు, ఎందుకంటే చక్రం ఒకసారి తిరగాలంటే మోటారు అన్ని చుట్లు తిరగాలి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం ఇంజను విప్పక్కర్లేదు.

రెండో మాట గురించి. అది మా మేడ మీదే జరిగింది, నాకూ మనసులో ఉంది. ఆ అబ్బాయి అన్నం తినకుండా ఎందుకెళ్ళాడని మా అమ్మ ఇప్పటికీ అడుగుతోంది. నేనేం చెప్పను?

#3 కొవ్వూరు_కేబిన్ | ఆదివారం, ఉదయం 6:05

పాయింటు విప్పే ముందు చక్రాలు కొలవాలి బాబూ. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం, ఆరు ఇరుసులకీ, వెర్నియర్‌తో. హెచ్‌ఓలో అది 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉండాలి. కాస్త తగ్గితే చక్రం వీపు చెక్ రైలుకి (పాయింటులో చక్రాన్ని దారిలో ఉంచే అదనపు పట్టాకి) ఒరుసుకుని పైకెక్కుతుంది. కాస్త పెరిగితే ఫ్లేంజి (చక్రం లోపలి అంచు) పోయి ఫ్రాగు (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) ముక్కుకి గుద్దుకుంటుంది. నేరుగా బాగుండి తిరిగేటప్పుడే దిగుతోందంటే నా అనుమానం మొదట దీని మీదే.

నేను రైల్వేలో పెట్టెలూ వేగన్లూ చూసే విభాగం, క్యారేజ్ అండ్ వేగన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మన బ్రాడ్‌గేజ్ పెట్టెలకి ఆ దూరం 1600 మి.మీ., దాని మీద 2 మి.మీ. ఎక్కువ, 1 మి.మీ. తక్కువ వరకే ఒప్పుకునేవాళ్ళం. కొలిచే గేజి పెట్టి మూడు చోట్ల చూడాలి, ఒకచోట చూసి సంతకం పెట్టకూడదు. ఇరుసు వంగితే ఒకచోట సరిగ్గానే చూపిస్తుంది. మీరూ చక్రాన్ని తిప్పుతూ మూడు చోట్ల కొలవండి.

#4 భీమవరం_తొమ్మిదిమిల్లీ | ఆదివారం, ఉదయం 8:30

నాది ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు, 9 మి.మీ. పట్టా. ఆగిపోయే జబ్బు నాకు రోజూ ఉంటుంది, ఇంజను తేలిక కాబట్టి. పెద్ద కెపాసిటర్ ఒకటి మోటారుకి అడ్డంగా వేస్తే ఆగదని విన్నాను. మీరూ వేసి చూడండి.

#5 తణుకు_టంకం | ఆదివారం, ఉదయం 8:52

వద్దు వద్దు, ఎవరూ అలా వెయ్యకండి. మామూలు డీసీలో ఇంజను దిశ మార్చాలంటే ప్లస్సు, మైనస్సు తారుమారు చేస్తాం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుకి తిరగేసి కరెంటిస్తే ఉబ్బి పేలుతుంది. ప్రింటు బాడీ లోపల పేలితే బాడీ కూడా పోతుంది. డీసీసీ (డిజిటల్ కంట్రోలు) డికోడరు ఉంటే దాని వెనక వేసుకోవచ్చు, అక్కడ ధ్రువాలు మారవు. అదైనా డికోడరు కంపెనీ చెప్పిన పద్ధతిలోనే. పాలకొల్లు వారిది డీసీ. ముందు పికప్పులు, అంటే చక్రాల నుంచి కరెంటు తీసుకునే రేకులు, చూడాలి.

#6 ఆర్చి_వంతెన | ఆదివారం, ఉదయం 10:20

తణుకులో బోగీ మాట అన్నది నేనే. చాటున ఉండను, నా మాట నేనే చెబుతాను.

డబ్ల్యూడీఎం-2 బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానం కావు. లోపల ఇరుసుల్ని తిప్పే ట్రాక్షన్ మోటార్లు పట్టడానికి అమెరికా ఆల్కో కంపెనీ వాళ్ళు అలా చేశారు. 1962లో అమెరికా నుంచి మొదటి ఇంజన్లు వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనవాళ్ళే కట్టారు. ఆ బోగీ మారలేదు. ఆ ఇంజన్ని దూరం నుంచి గుర్తుపట్టేది ఆ ఎడం తేడాతోనే. రాజమండ్రి స్టేషన్లో చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడి చూసినవాణ్ణి. ఆ బోగీ సమంగా కనిపిస్తే నా కళ్ళు ఊరుకోవు. తప్పుని తప్పు అని చెప్పకపోతే మనమంతా ఎందుకు కలుస్తున్నట్టు?

కుర్రవాణ్ణి నొప్పించాలని నేను అనలేదు.

#7 రామచంద్రపురం_గేటు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

మాష్టారూ, మీరంటే నాకు చాలా గౌరవం. అయినా ఒక మాట చెప్పాలి. నేను మా అబ్బాయి కోసం మొదలుపెట్టి, వాడు హైదరాబాదు వెళ్ళిపోయాక నాకే ఇష్టమై కొనసాగిస్తున్నాను. మొదటిసారి నా లేఅవుట్ ఫోటో పెట్టిన రోజున పది నిమిషాల్లో "కంకర రంగు తప్పు" అని ఒక వ్యాఖ్య వచ్చింది. నిజమే, తప్పే. ఆరు నెలలు మళ్ళీ ఫోటో పెట్టలేదు. ఆ ఆరు నెలలూ పట్టా లెవెలు సరిగ్గా లేక ఇబ్బంది పడ్డాను, ఎవర్నీ అడగలేకపోయాను. అడిగితే కంకర గురించే మాట్లాడతారని భయం.

అడగని ప్రశ్నకి పదిమంది ముందు జవాబు చెబితే అది వినపడదండి, గుచ్చుకుంటుందంతే.

ఇంతలో నాదీ ఒక ప్రశ్న. నా ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టెలు వెనక్కి తోస్తే వంపులో పక్కకి ఒరిగి పడిపోతున్నాయి, లాగితే బాగానే వస్తాయి.

#8 కొవ్వూరు_కేబిన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:00

అమ్మా, పెట్టెల్ని తూకం వెయ్యండి. అమెరికా వాళ్ళ పద్ధతిలో హెచ్‌ఓ పెట్టెకి మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ 14 గ్రాములు. ఐసీఎఫ్ పెట్టె మన స్కేల్లో 245 మి.మీ. వస్తుంది, అంటే 165 గ్రాముల దగ్గర ఉండాలి. ప్రింటు పెట్టెలు 90 కూడా ఉండవు. పెట్టె లోపల అడుగు మీద, బోగీల మధ్య సమంగా ఇనప ముక్కలు అంటించండి, పైకప్పులో కాదు.

#9 పాలకొల్లు_ప్యాసింజర్ | ఆదివారం, రాత్రి 8:45

కొలిచానండి. చుక్క పెట్టి తిప్పితే చుట్టుకి ఒక్కసారే టిక్కు. ఇక వెర్నియర్ లెక్క ఇది: ముందు బోగీలో మొదటి ఇరుసు 14.4, రెండోది 14.1, మూడోది 14.4. వెనక బోగీ మూడూ 14.4, 14.5 మధ్యే.

ఆ రెండో ఇరుసు బయటికి తీసి భూతద్దంలో చూశాను. మధ్యలో తెల్ల ప్లాస్టిక్ గేరు, దాని గొట్టంలోకి రెండు వైపుల నుంచీ చక్రాల సగం ఇరుసులు దూరి ఉన్నాయి. గొట్టం పొడవునా వెంట్రుకంత పగులు. ఆ పగులు ఒక పంటి కింద నుంచే పోతోంది, అక్కడ రెండు పళ్ళ మధ్య సందు కాస్త పెద్దదైంది. చక్రాన్ని వేళ్ళతో తోస్తే లోపలికి జరుగుతోంది!

అంటే టిక్కూ, పట్టా తప్పడమూ రెండూ ఒకే పగులు పనా?

#10 తణుకు_టంకం | ఆదివారం, రాత్రి 9:30

అవునండి, ఒకే పగులు. ఈ తరహా పాత చాసిస్‌లలో చాలావాటికి ఇదే జబ్బు. లోహపు ఇరుసుని బిగుతుగా దూర్చిన ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడిలో ఉండి ఏదో ఒకరోజు చిట్లుతుంది. చిట్లిన చోట పళ్ళ మధ్య సందు పెరుగుతుంది, పక్క గేరు పన్ను అక్కడికి రాగానే తట్టుకుంటుంది, అది మీ టిక్కు. గొట్టం పట్టు పోయింది కాబట్టి చక్రాలు జరుగుతాయి, 14.4 కాస్తా 14.1 అవుతుంది, చెక్ రైలు దగ్గర ఎక్కుతుంది. అది మీ పట్టా తప్పడం.

అంటించాలని చూడకండి. ఆ తెల్ల ప్లాస్టిక్ జారుడు రకానిది, సూపర్ గ్లూ దానికి సరిగ్గా పట్టదు. పట్టినట్టు కనిపించి రెండో రోజు వదిలేస్తుంది, ఈలోగా జిగురు పళ్ళలోకి పోతుంది. కొత్త గేరే వెయ్యాలి. పళ్ళ సంఖ్య, బయటి వ్యాసం, రంధ్రం కొలత మూడూ కలవాలి. మూడిటిలో ఒకటి కలవకపోయినా వద్దు.

బిగించే పద్ధతి ముఖ్యం. సగం ఇరుసు చివర గరుగ్గా ఉంటుంది, ఆ గరుకే పాత గేరుని చీల్చింది. సన్నటి నీటి ఇసుక కాగితంతో రెండు మూడు చుట్లు రుద్దండి, నున్నగా చెయ్యొద్దు, ముల్లు విరిగితే చాలు. సుత్తి వాడొద్దు. చిన్న వైసు (మర తిప్పి బిగించే పట్టు) దవడలకి రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి, ఇరుసు నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ పావు చుట్టు చొప్పున బిగించండి. ప్రతి పావు చుట్టుకీ తీసి కొలవండి. 14.4 దగ్గర ఆగండి. దాటితే వెనక్కి లాగడం కష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మిగతా అయిదు గేర్లూ ఇదే రోజు పుట్టినవి. అవీ భూతద్దంలో చూడండి. పాత గ్రీజు గట్టిపడి మైనంలా ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్షు పెట్టి కడిగి, ప్లాస్టిక్‌ని తినని గ్రీజు సూది మొనంత పెట్టండి. తుప్పు వదిలించే స్ప్రేలు గేరుబాక్సులో కొట్టొద్దు.

#11 నర్సాపురం_చివరిస్టేషన్ | సోమవారం, ఉదయం 7:15

పట్టాలు "తుడిచాను" అన్నారు, దేంతో? ఇసుక కాగితంతో అయితే ఆపెయ్యండి. గీతలు పడితే ఆ గీతల్లోనే నల్లటి మురికి కూర్చుంటుంది, వారం తిరగకుండా మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడ మాకు సముద్రం గాలి. ఇత్తడి పట్టా మూడు రోజుల్లో మసకబారుతుంది, నికెల్ సిల్వరు కాస్త నయం. గుడ్డని ఆల్కహాల్‌లో తడిపి ఒక్కసారి లాగి, పొడి గుడ్డతో మళ్ళీ లాగడం, అంతే నేను చేసేది. వర్షాకాలంలో నడిపే ముందు రోజూ చేస్తాను. ఇంజన్లు మూత బిగుసుకునే డబ్బాలో సిలికా పొట్లాలతో పెడతాను. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో చెబితే పెట్టి చూశాను, ధూళి గేర్లలోకి పోయింది.

వేసవి సంగతి కూడా అందరికీ చెప్పాలి. నికెల్ సిల్వరు పట్టా 3 మీటర్లది 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 మి.మీ. సాగుతుంది. జాయింట్లలో సందు వదలకపోతే మే నెలలో పట్టా పాములా మెలికపడుతుంది. రేకుల షెడ్డులో లేఅవుట్ ఉన్నవాళ్ళు ఇది మర్చిపోవద్దు.

#12 కొవ్వూరు_కేబిన్ | సోమవారం, సాయంత్రం 5:40

ఇంజను రోగం దొరికింది, సంతోషం. ఇప్పుడు ఆ రెండో సంగతి మాట్లాడతాను. ఆర్చి మాష్టారూ, మీరు నాకన్నా చిన్నవారు, చనువుతో చెబుతున్నాను.

మన గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.26 మి.మీ. రావాలి. మనమంతా నడిపేది 16.5 మి.మీ. పట్టా మీద, అది బయటి దేశాల 1435 గేజికి సరిపోయేది. అంటే నాతో సహా ఇక్కడ హెచ్‌ఓ ఉన్న ప్రతివాడి ఇంజనూ, ప్రతి పెట్టే 2.76 మి.మీ. ఇరుకు పట్టా మీదే నడుస్తోంది. బోగీ ఎడం కన్నా పెద్ద తేడా అది. మనం దాన్ని రోజూ చూస్తూనే ఆనందంగా నడుపుకుంటున్నాం. ఎందుకంటే ఆ పట్టా, ఆ చక్రాలూ దొరికేవి అవే.

ఇంకొకటి. మీ ఇంట్లో ఆర్చి వంతెన చూశాను. గోదావరి మీద 1997 నాటి ఆ వంతెనకి 28 స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు. మన స్కేల్లో ఒక్క స్పానే 1.12 మీటరు, మొత్తం కడితే 31 మీటర్లు దాటుతుంది. మీరు 3 కట్టారు. ఎంత అందంగా కట్టారంటే నేను ఆ రోజు అరగంట లేవలేకపోయాను. "28 లేవు కదా, ఇది గోదావరి వంతెనే కాదు" అని మీ గుమ్మంలో నిలబడి నేనే అని ఉంటే?

నేను వేగన్ల మీద "సిక్ లేబుల్" అంటించేవాణ్ణి. రోగం ఉన్న పెట్టెకి కాగితం అంటించి ఏం చెయ్యాలో రాసేవాళ్ళం. ఊరికే "రోగం" అని రాసి ఎవరూ వెళ్ళిపోయేవారు కాదు. పాలకొల్లు వారూ, ఫోనులో అయ్యే పని కాదిది. మీరే వెళ్ళి రండి. ఇంజను తీసుకెళ్ళండి.

#13 ఆర్చి_వంతెన | సోమవారం, రాత్రి 11:05

చదివాను బాబాయిగారూ. ఒక సంగతి చెప్పాలి. తణుకులో ఆ ఇంజను పొడవు నేను స్కేలు పెట్టి కొలిచాను. అసలు ఇంజను 17,120 మి.మీ., 87తో భాగిస్తే 196.8 రావాలి. ఆ కుర్రవాడి బాడీ సరిగ్గా 197 ఉంది. అంత కచ్చితంగా ప్రింటు తీయడం మామూలు విషయం కాదు. అది నేను చూశాను, మనసులో మెచ్చుకున్నాను, పైకి మాత్రం బోగీ మాటే అన్నాను.

#14 నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 9:00

ఈ చర్చలో ఎవరి పోస్టూ తీసెయ్యడం లేదు. ఒక చిన్న ఏర్పాటు మాత్రం చేస్తున్నాం. ఇకనుంచి ఫోటో పెట్టేవారు "లోపాలు చెప్పండి" అనో, "చూసి ఆనందించండి" అనో పైన ఒక ముక్క రాయగలరు. ఏదీ రాయకపోతే ముందు అడిగి తర్వాత చెప్పండి.

#15 పాలకొల్లు_ప్యాసింజర్ | మరుసటి ఆదివారం, రాత్రి 9:20

వెళ్ళొచ్చానండి. పొద్దున్నే స్కూటరు మీద చించినాడ వంతెన దాటాను. వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది. టిఫిన్ డబ్బా ముందు బుట్టలో పెట్టుకుని గతుకు వచ్చిన ప్రతిసారీ ఒక చెయ్యి దాని మీద వేశాను.

అబ్బాయి వసారాలో ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కానీ ముఖంలో నవ్వు లేదు. వాళ్ళమ్మగారు కొబ్బరి బొండం కొట్టిచ్చారు. నేను తాగి, గ్లాసు కింద పెట్టకముందే చెప్పేశాను: "తమ్ముడూ, ఆ రోజు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. తప్పు నాది." వాడు "పర్లేదన్నా" అని నేల చూశాడు. పర్లేదు అన్న మాటలో పర్లేదు లేదని తెలుస్తూనే ఉంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డబ్బా తీసి, పగిలిన గేరు ఇరుసు వాడి చేతిలో పెట్టాను. అప్పుడు మారాడండి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగుకి అడ్డంగా పట్టుకుని, గోటితో పగుల్ని తెరిచి చూశాడు. "మిగతావి చూశారా?" అన్నాడు. చూశాను, ఆరింటిలో నాలుగు చిట్లాయి. ఆరూ మార్చేద్దామన్నాడు. నేను తెప్పించిన గేర్లు తీశాను. పాత కుట్టుమిషను బల్ల మీద ప్రింటరు, పక్కనే చిన్న వైసు. తణుకు వారు చెప్పినట్టే పావు చుట్టు, కొలత, పావు చుట్టు, కొలత. బిగించడం వాడు, వెర్నియర్ చదవడం నేను. మధ్యాహ్నం దాకా అదే పని. 14.4, 14.4, 14.45, అలా ఆరూ వచ్చాయి.

ఆగిపోయే జబ్బు మాత్రం వాడే పట్టుకున్నాడు. బాడీ తీసి లోపలికి టార్చి కొట్టి, వెనక బోగీ నుంచి వచ్చే నల్ల వైరుని చిన్న పట్టకారుతో మెల్లగా లాగాడు. ఊడి వచ్చింది. టంకం చుక్క వైరు మీద మెరుస్తూ కూర్చుని ఉంది కానీ రేకుని అసలు పట్టుకోలేదు. అంటే ఇన్నాళ్ళూ ఒకవైపు కరెంటు ముందు బోగీ ఒక్కటే తీసుకుంటోంది. అది ప్లాస్టిక్ ఫ్రాగు మీదికి వెళ్ళినప్పుడల్లా కరెంటు పోవడమే. రేకుని గీకి, టంకం పట్టడానికి ఫ్లక్సు రాసి, మళ్ళీ వేశాడు.

భోజనం వాళ్ళింట్లోనే. వచ్చేటప్పుడు వాడొక మాటన్నాడు, అది వాడే రాస్తానన్నాడు కాబట్టి నేను రాయను.

#16 రైలుబస్సు_రాజోలు | మరుసటి ఆదివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. చర్చ మొత్తం చదివాను.

బోగీ గురించి. డబ్ల్యూడీఎం-2 ఇరుసుల ఎడం సమానం కాదని నాకు తెలుసు. నేను రెండు రకాల పక్క ఫ్రేములు ప్రింటు తీశాను. ఒకటి అసలు ఇంజనులా తేడా ఎడంతో. కానీ కింద చాసిస్ చక్రాలు సమదూరంలో ఉన్నాయి, వాటిని జరపలేను. ఆ ఫ్రేము పెడితే యాక్సిల్ బాక్సు (ఇరుసు కొనని పట్టే పెట్టె) ఒకచోట, చక్రం మధ్య ఇంకోచోట. దగ్గరగా చూస్తే ఇరుసు విరిగినట్టు కనిపించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులు చూశాకే సమంగా ఉన్నది బిగించాను. ఎవరైనా "ఎందుకిలా చేశావ్" అని అడిగుంటే ఆ రెండో ఫ్రేము సంచిలోనే ఉంది, చూపించేవాణ్ణి.

హారను చోటు తప్పే, ఒప్పుకుంటాను. మారుస్తాను.

మా ఊరికి ఇంకా రైలు రాలేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం కోసం 1940లో పీకేశారు, మళ్ళీ 2004లో వేశారు. అక్కడి నుంచి మావైపు నర్సాపురం దాకా లైను కోసం గోదావరిలో స్తంభాలు కడుతున్నారు. అమలాపురం వెళ్ళినప్పుడల్లా ఆ పనులు ఎంతవరకు వచ్చాయో అడుగుతుంటాను. మా తాతగారు రైలెక్కాలంటే రేవు దాటి వెళ్ళేవారట. నేను రైలు చెయ్యడం మొదలుపెట్టింది అందుకే. ఆ రోజు "ఇది ఇంజనే కాదు" అన్నట్టు వినిపించింది నాకు. ఇంకా కొంచెం బాధ ఉంది, లేదని చెప్పను.

#17 ఆర్చి_వంతెన | సోమవారం, ఉదయం 5:50

నాయనా, ఆ రెండో ఫ్రేము సంగతి నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను, నన్ను క్షమించు.

నువ్వు చేసిన నిర్ణయం సరైనదే. ఆ చాసిస్ మీద నేనైనా అదే చేసేవాణ్ణి. బోగీ అసలులా రావాలంటే చాసిస్సే కొత్తగా చెయ్యాలి, ఇత్తడి రేకుతో, ఇరుసుల రంధ్రాలు సరైన ఎడంలో వేసి. నాకు ఆకురాయి పని వచ్చు, రంధ్రాలు తప్పకుండా వెయ్యగలను. గేర్లూ మోటారూ లెక్క నాకు రాదు. నీకు ఇష్టమైతే తర్వాతి ఇంజను ఇద్దరం కలిసి చేద్దాం. తొందరేమీ లేదు.

#18 రైలుబస్సు_రాజోలు | సోమవారం, సాయంత్రం 6:30

పరీక్షలు అయ్యాక చూద్దాం మాష్టారూ. మీ దగ్గర బోగీ కొలతలు ఉంటే పంపండి, ఈలోగా గీసి పెట్టుకుంటాను. చక్రం మాత్రం 12.5 మి.మీ.ది వెతకాలి, అసలుది 1,092 మి.మీ. కదా.

ఇంకొకటి అందరికీ. ఆ బాడీ పీఎల్ఏ ప్లాస్టిక్. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అన్నా, ఎండలో పెట్టిన కారులో మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

#19 రామచంద్రపురం_గేటు | సోమవారం, రాత్రి 8:15

పెట్టెల్లో బరువు వేశాను బాబాయిగారూ, ఒక్కోటి 160 గ్రాములు వచ్చింది. వెనక్కి తోసినా నిలబడుతున్నాయి. రేపు ఫోటో పెడతాను, పైన "లోపాలు చెప్పండి" అని రాసి.

#20 పాలకొల్లు_ప్యాసింజర్ | బుధవారం, రాత్రి 9:05

ఈ సాయంత్రం కూర్చుని అదే పాయింటు మీద లూపులోకి 20 సార్లు నడిపాను, అతి మెల్లగా. ఒక్కసారీ దిగలేదు, ఒక్కసారీ ఆగలేదు, టిక్కు లేదు. ఇరవయ్యోసారికి దీపాలన్నీ ఆర్పి చూశాను, ఇంజను లైటు పట్టా మీద పాకుతూ వస్తుంటే ఒళ్ళు పులకరించింది.

అప్పుడే ఒకటి గమనించాను. ముందుకు వెళ్తుంటే వెనక లైటు వెలుగుతోంది, వెనక్కి వెళ్తుంటే ముందుది.

#21 తణుకు_టంకం | బుధవారం, రాత్రి 9:18

విప్పినప్పుడు లైటు వైర్లు తారుమారు అయ్యుంటాయి. ఎల్‌ఈడీ ఒకవైపు కరెంటుకే వెలుగుతుంది కాబట్టి అలా కనిపిస్తోంది. రెండు టంకాలు తీసి మార్చి వేస్తే అయిపోతుంది. ఆదివారం ఇంజను పట్టుకుని ఇద్దరూ రండి. భోజనం ఇక్కడే చెయ్యాలి, మా అమ్మ మరీ మరీ చెప్పమంది.